మూడో హెడ్డుగారి ఫెయిర్ కాపీ

ఐస్ హాకీ ఆటని నేను మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి కూడా చూడలేదు. చూడాలని కూడా లేదు. నాకు తెలిసిన ఐసు పాలకొల్లు దగ్గర మా నాన్న పనిచేసిన ఐస్ ఫ్యాక్టరీలో దిమ్మలే. రొయ్యల లారీ వచ్చి నిలబడిందంటే ఇనప కొక్కేలతో ఆ దిమ్మల్ని లాగి, మరలో వేసి పొడి కొట్టి ట్రేల్లో పోసేవారు. అలాంటి ఐసు మీద మనుషులు పదునైన ఇనప బద్దలున్న బూట్లు వేసుకుని పరిగెడతారనీ, పొడుగు కర్రలతో ఒక నల్లబిళ్ల వెంట పడతారనీ, ఒకర్నొకరు గోడకేసి గుద్దుకుంటారనీ, అది చూడటానికి ఊళ్లకి ఊళ్లు కదిలొస్తాయనీ చెప్పి ఉంటే మా నాన్న "చాల్లే ఊరుకో" అనేవారు.

కానీ ఆ ఆట ఆడే ఒక విదేశీ జట్టుకి వరసగా వచ్చిన నలుగురు హెడ్ కోచ్‌ల గొంతులు నాకు మా బంధువుల గొంతుల కన్నా బాగా తెలుసు. ఎవరు గొంతు సవరించుకుంటే మాట దాటేయబోతున్నట్టో, ఎవరు నవ్వితే ఒళ్లు మండుతున్నట్టో చెప్పగలను. ఏడేళ్లుగా ధవళేశ్వరంలో మా ఇంటి వెనక గదిలో కూర్చుని వాళ్ల మాటలు టైపు చేస్తున్నాను. విసుగొచ్చేసింది. వేళ్లు నొప్పి, మెడ నొప్పి, చెవుల్లో హోరు. మానేద్దామని ప్రతి సీజనులోనూ అనుకుంటాను, ప్రతి సీజనులోనూ మళ్లీ ఆ కుర్చీలోనే ఉంటాను.

ఈ ఏడేళ్లలో ఇద్దరు మగవాళ్ల మాటల్ని నేను చక్కబెడుతూ వచ్చాను. ఒకరు ఆ జట్టు మూడో హెడ్ కోచ్. రెండోవారు మా ఆయన. ఇద్దరికీ మాట జారిపోతోందని అందరికన్నా ముందు తెలియాల్సింది నాకే. అందరికన్నా శుభ్రంగా దాన్ని కప్పిపెట్టింది కూడా నేనే. అది చెప్పుకోవాలనే ఇదంతా రాస్తున్నాను.

పని ఏంటో ముందు చెబుతాను. నేను మొదట్లో రాజమండ్రిలో ఒక మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఆఫీసులో చేసేదాన్ని. ఎక్కడో విదేశాల్లో డాక్టర్లు రోగుల గురించి చెప్పి పంపించిన ఆడియోని విని టైపు చెయ్యడం. చెవులకి హెడ్‌ఫోన్లు, కాలి కింద పెడల్. కుట్టుమిషన్ తొక్కినట్టు తొక్కితే ఆడియో నడుస్తుంది, కాలు తీస్తే ఆగుతుంది. గుండె, ఊపిరితిత్తులు, నరాలు, ఏది వస్తే అది టైపు చేశాను. తర్వాత ఆ ఆఫీసు మూతపడింది. పెడల్ మాత్రం నాతో ఇంటికి వచ్చింది. ఇంకో కంపెనీవాళ్లు ఆన్‌లైన్లో పరీక్ష పెట్టి, ఆటలవాళ్ల మాటలు టైపు చేసే పని ఇచ్చారు. అలా ఐసు మీద పడ్డాను.

అక్కడ రాత్రి మ్యాచ్ అయ్యేసరికి మనకి పొద్దున్న ఎనిమిదిన్నర. పాలు కాగి, టిఫిన్లు అయ్యే వేళ. మ్యాచ్ అయిన పది నిమిషాలకి హెడ్ కోచ్ వచ్చి మైకుల ముందు కూర్చుంటారు. విలేకరులు అడుగుతారు, ఆయన చెబుతారు. గెలిస్తే ఐదు నిమిషాలు, ఓడితే పదిహేను నిమిషాలు. ఆ వీడియో నాకు వస్తుంది. ముందు మెషిన్ ఒక చిత్తు రాసి ఇస్తుంది. అందులో తప్పులన్నీ దిద్ది ముప్పావుగంటలో పంపెయ్యాలి. అది జట్టు వెబ్‌సైట్లో పెడతారు. విలేకరులు కూడా అందులోంచే ఎత్తి రాసుకుంటారు.

దిద్దడానికి ఒక రూల్సు పుస్తకం ఉంది. ఆఁలూ ఊఁలూ తీసెయ్యాలి. తడబడి మళ్లీ మొదలుపెడితే మొదటి ముక్క కొట్టెయ్యాలి. ఒకే మాట రెండుసార్లు అంటే ఒకటే ఉంచాలి. ఆటగాడి పేరు పొరబడి ఇంకోటి అంటే, ఎవరి గురించో తెలుస్తోంది కాబట్టి అసలు పేరు వెయ్యాలి. మాట్లాడకుండా ఊరుకున్న చోట్లు రాయకూడదు. మొత్తం మీద ఆయన ఏం చెప్పాలనుకున్నారో అది రావాలి, ఎలా చెప్పారన్నది అక్కర్లేదు. ఈ సంగతి మా ఆయనకి చెబితే తెగ నవ్వారు.

"దీన్నే మా ఆఫీసులో ఫెయిర్ చెయ్యడం అంటామే. ఇంజినీరుగారు అమ్మనాబూతులు తిడుతూ చెప్పింది గుమాస్తా ఫెయిర్ చేసేసరికి 'సదరు విషయము తమకు తెలియజేయడమైనది' అని బయటికొచ్చేది" అన్నారు.

మా ఆయన గోదావరి బ్యారేజీ హెడ్ వర్క్స్ ఆఫీసులో పనిచేశారు. వరద వచ్చినప్పుడు గంటగంటకీ గేజీ చూసి, నీటిమట్టం ఎంతుందో ఫోన్లో పై ఆఫీసుకి చెప్పడం ఆయన పని. పెద్ద గొంతు. ఫోన్లో చెబితే ఫోను అక్కర్లేకుండానే వినపడేది. నేను పనిచేస్తుంటే ఆయన ఇంట్లో ఉన్న రోజు కాఫీ ఆయనే కలిపి తెచ్చి, నా కుర్చీ వెనక నిలబడి స్క్రీను మీద ఆ కోచ్ ముఖం చూసేవారు. ఆయన కోసం నేను హెడ్‌ఫోన్లు తీసి స్పీకరు పెట్టేదాన్ని. వాళ్ల ఆఫీసు అలవాటు కొద్దీ ఆ కోచ్‌ని హెడ్డుగారు అనేవారు. "ఇవాళ మీ హెడ్డుగారి ముఖం మాడిపోయిందేంటే?" అనేవారు. ఇంక మా ఇంట్లో అదే పేరు ఖాయమైపోయింది.

మొదటి హెడ్డుగారు అరిచే మనిషి. నోరు తెరిస్తే బూతే. ఆ బూతులున్న చోట గీతలు పెట్టాలి కాబట్టి, ఆయన మాట్లాడిన పేజీ అంతా గీతలే కనపడేది. రెండున్నరేళ్లు భరించాను. రెండో హెడ్డుగారు నవ్వే మనిషి. గెలిచినా నవ్వే, ఓడినా నవ్వే. "మా పద్ధతి మీద మాకు నమ్మకం ఉంది" అని రోజుకి ఆరుసార్లు అనేవారు. పద్ధతి ఏంటో ఏడాదిన్నరలో ఒక్కనాడూ చెప్పలేదు.

ఈ హెడ్డుగార్లని పీకెయ్యడానికి ఒక తంతు ఉంది. జట్టు వరసగా ఓడుతుంది. ఒకరోజు పైన ఉండే మేనేజరు మైకు ముందుకొచ్చి "మా హెడ్ కోచ్ మీద మాకు సంపూర్ణ విశ్వాసం ఉంది" అంటాడు. అది టైపు చేసిన పదిరోజుల్లో మనిషి ఉండడు. మొదటాయన విషయంలో నాకు తెలియలేదు. రెండో ఆయనప్పుడు మా ఆయన ఆ మాట వినగానే కాఫీ గ్లాసు కింద పెట్టి, "అయిపోయింది. సామాన్లు సర్దుకోమను" అన్నారు. తొమ్మిదో రోజున పీకేశారు. "ఎలా చెప్పారండీ?" అంటే, "మా ఆఫీసులో ఉన్నట్టుండి శాలువా కప్పారంటే బదిలీ ఆర్డరు టైపవుతున్నట్టేనే పిచ్చిదానా" అన్నారు.

అప్పుడు మూడో హెడ్డుగారు వచ్చారు.

అరవై దాటిన మనిషి. చిన్నచిన్న ఊళ్ల జట్లకి ముప్పై ఏళ్లు నేర్పి, చివరికి ఈ పెద్ద జట్టుకి వచ్చారు. నెమ్మదిగా, ఆలోచించి మాట్లాడేవారు. విలేకరిని పేరుతో పిలిచి జవాబిచ్చేవారు. ఓడిపోయిన రోజు కూడా లేచేటప్పుడు "ఇంతసేపు కూర్చున్నందుకు థాంక్స్" అనేవారు. మన వైపు పుట్టి ఉంటే ప్రతి మాటకీ అండీ అనేవారే. ఈయన ఫైలు వచ్చిందంటే నాకు ప్రాణం హాయిగా ఉండేది. ఏడేళ్లలో నేను ఇష్టంగా చేసిన పని ఏదన్నా ఉంటే అది ఈయన మొదటి సీజనే.

రెండో సీజనులో మొదలైంది. ఒకరోజు గోల్‌కీపర్ గురించి అడిగితే, ఆ మాట రాక, "ఆ... తలుపు దగ్గర నిలబడే అబ్బాయి" అన్నారు. నాకు ముచ్చటేసింది. ఎంత బాగా అన్నారో కదా అనుకున్నాను. అనుకుని, గోల్‌కీపర్ అని టైపు చేశాను. ఇంకోరోజు ఆ గోల్‌కీపర్‌కే ఎప్పుడో వెళ్లిపోయినవాడి పేరు పెట్టారు. దిద్దాను. ఒక వాక్యం సగంలో ఆపి, అదే వాక్యం మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ అక్కడే ఆగేవారు. రెండు సగాలూ కలిపి ఒక వాక్యం చేశాను. ఆగిపోయిన చోట ఆరు సెకండ్లు, ఎనిమిది సెకండ్లు ఏమీ వినపడేది కాదు, కుర్చీ కిర్రుమనడం తప్ప. అది రాయకూడదుగా. పెడల్ తొక్కి ముందుకెళ్లిపోయేదాన్ని.

అలా ఒక సీజనంతా చేశాను. నా చేతుల్లోంచి వెళ్లిన కాగితంలో ఆయన అంతకుముందు కన్నా చక్కగా మాట్లాడారు. నిజం చెప్పాలంటే నాకు కొంచెం గర్వంగానే ఉండేది. ఆయన మనసులో ఉన్న మాట ఆయన కన్నా ముందు నాకు తెలిసిపోతోందని మురిసిపోయాను. నరాల డాక్టర్లు చెప్పిన రిపోర్టులు వందలకొద్దీ టైపు చేసిన దాన్ని. రోగికి మాటలు వెతుక్కోవడంలో ఇబ్బంది ఉంది, వస్తువు పేరు బదులు దాని పని చెబుతున్నాడు అని ఈ వేళ్లతోనే ఎన్నిసార్లు కొట్టానో. ఒక్కసారి కూడా తట్టలేదు. బుద్ధి ఎక్కడికి పోయిందో నాకే తెలియదు.

ఇంట్లోనూ అదే జరుగుతోంది. అప్పటికి మా ఆయన రిటైరై ఇంట్లోనే ఉంటున్నారు. అన్నం ముందు కూర్చుని "అది... అదిలా అందుకో" అనేవారు. నేను ఉప్పు గిన్నె జరిపేదాన్ని. గుమ్మం దగ్గర నిలబడి జేబులు తడుముకుంటూ నా వైపు చూస్తే, "తాళాలు టీవీ పక్కనున్నాయండీ" అనేదాన్ని. ఎవరన్నా వచ్చి మాట్లాడుతుంటే ఆయన సగం చెప్పి ఆగేవారు, మిగతా సగం నేను అందుకునేదాన్ని. వచ్చినవాళ్లు నవ్వేవారు. మా ఆడపడుచు అయితే ప్రతిసారీ అంటుంది, "మా అన్నయ్య నోరు తెరవక్కర్లేదమ్మా, వదిన లోపల కూర్చుని మాట్లాడేస్తుంది" అని. అది వెటకారమో మెచ్చుకోలో గానీ నేను మెచ్చుకోలు గానే తీసుకున్నాను. ముప్పై ఏళ్లు కాపురం చేస్తే ఆ మాత్రం తెలియదా ఏంటి అనుకున్నాను.

ఆయనకి ఒక సరదా ఉండేది. ధవళేశ్వరం నుంచి సామర్లకోట దాకా కాలువ మీద పడవల కోసం కట్టిన లాకుల పేర్లన్నీ వరసగా, ఊపిరి తీసుకోకుండా చెప్పేవారు. పెళ్లిళ్లలో భోజనాల దగ్గర ఎవరో ఒకరు అడిగి చెప్పించుకునేవారు. ఆ సరదా ఎప్పుడు ఆగిపోయిందో నేను గమనించలేదు. ఎవరూ అడగట్లేదు కదా అనుకున్నాను. అడిగినా, నాకూ ఆ వరస వచ్చు కాబట్టి నేనే చెప్పేసేదాన్నేమో.

ఆ సీజను చివర్లో ఒక పొద్దున్న ఫైలు వచ్చింది. ఘోరంగా ఓడిపోయారు. మా ఆయన కాఫీ తెచ్చి వెనక నిలబడ్డారు. విలేకరి ఏదో అడిగాడు. హెడ్డుగారు "మేం..." అన్నారు. ఆగారు. మళ్లీ "మేం..." అన్నారు. ఇరవై రెండు సెకండ్లు. నేను స్క్రీను మీద లెక్క చూస్తూనే ఉన్నాను. ఆయన కళ్లు మైకు మీద ఉన్నాయి, పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. పక్కన ఎవరో "ఇవాళ్టికి చాలండీ" అని ముగించేశారు.

వెనక నుంచి మా ఆయన "పాపం" అన్నారు. అంతే అన్నారు. కాఫీ అక్కడ పెట్టి వెళ్లిపోయారు.

నాకు ఇంకా అరగంట టైముంది. ముందు ప్రశ్నలో ఆయన అన్న సగం వాక్యం ఒకటి పట్టుకుని దీనికి జతచేశాను. "మేం ఇవాళ బాగా ఆడలేదు, రేపు మళ్లీ పనిచేస్తాం" అని వచ్చింది. ఎవరూ తప్పు పట్టలేనంత శుభ్రంగా ఉంది. పంపేశాను. పంపేసి లేచి మినప్పప్పు రుబ్బుకున్నాను.

వారం తిరక్కుండా ఇంకో ఫైలు వచ్చింది. అది మ్యాచ్ లేని రోజు. హెడ్డుగార్ని పీకేశారు కాబోలు అనుకున్నాను, కానీ మేనేజరు విశ్వాసం మాట ఎక్కడా అనలేదే అని ఆశ్చర్యపోయాను కూడా. హెడ్డుగారు, పక్కన ఆయన భార్య కూర్చున్నారు. మెదడు జబ్బుట. మాటల్ని ఒక్కొక్కటే తీసుకుపోయే జబ్బు. ఇంక కోచింగ్ చెయ్యలేను అని ఆయన చెప్పుకొచ్చారు. చెప్పడానికి చాలాసేపు పట్టింది.

తర్వాత ఆవిడ మాట్లాడింది. ఆవిడ ఉద్యోగం వేరే ఊళ్లో. సీజను ఉన్నన్నాళ్లూ వాళ్లు ఫోన్లోనే మాట్లాడుకునేవారట. ఓడిపోయిన ముఖం చూడలేక వీడియోలు చూసేది కాదట. "వెబ్‌సైట్లో ఆయన చెప్పింది మాత్రం రోజూ చదివేదాన్ని. అందులో ఎంతో చక్కగా మాట్లాడేవారు. రాత్రి నాకు ఫోన్ చేస్తే మధ్యలో ఆగిపోయేవారు. ఊళ్లోవాళ్లందరితో ఆయనకి మాటలున్నాయి, నాతోనే లేవనుకున్నాను. ఏడాది పాటు ఆయన మీద కోపం పెట్టుకున్నాను" అంది.

పెడల్ మీద నుంచి కాలు తీసేశాను.

జట్టులో వాళ్లకి అనుమానం రాలేదా, విలేకరులకి కళ్లు లేవా అని ఎవరన్నా అడగొచ్చు. నన్ను నేనూ అలాగే అడిగి చూసుకున్నాను. అలిసిపోయారనుకున్నారట అందరూ. నావల్లే ఇదంతా అని చెప్పుకునేంత గొప్పదాన్ని కాను. కానీ ఆ తల్లి రోజూ చదివి కోపం పెంచుకున్న మాటలు ఆయనవి కావు. నావి. నా వెనక గదిలో కూర్చుని కాఫీ తాగుతూ కొట్టినవి. సిగ్గుతో చచ్చిపోయాను. ఏడుపొచ్చింది గానీ, ముప్పావుగంటలో పంపాలి కాబట్టి ఏడవడానికి కూడా కుదరలేదు.

ఆ ఒక్క ఫైలూ నేను ఫెయిర్ చెయ్యలేదు. ఆయన ఎక్కడ ఆగితే అక్కడ ఆగారని రాశాను. ఎన్ని సెకండ్లో రాశాను. ఒక మాట నాలుగుసార్లు అంటే నాలుగుసార్లూ ఉంచాను. భార్య పేరు కోసం వెతుక్కుని, దొరక్క, ఆవిడ చేతి మీద చెయ్యి వేస్తే, "చేతి మీద చెయ్యి వేశారు" అని కూడా రాశాను. గంటలో తిప్పి పంపించారు. ఇన్నేళ్లలో నా ఫైలు వెనక్కి రావడం అదే మొదలు. రూల్సు ప్రకారం దిద్దమన్నారు. నేను దిద్దనని చాట్‌లో పెట్టాను. వేరెవరితోనో దిద్దించి పెట్టుకున్నారు. వాళ్ల ఇష్టం.

మర్నాడు మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నాం. మా ఆయన పప్పు కలుపుకుని, "అది... అదిలా ఇయ్యి" అన్నారు. ఏం కావాలో నాకు తెలుసు. మాగాయ జాడీ. నా మోచేతి పక్కనే ఉంది. నేను చెయ్యి కదపలేదు.

"ఏం కావాలండీ?" అన్నాను.

"అదేనే."

"ఏది?"

నా వైపు చూశారు. జాడీ వైపు చూశారు. చేత్తో చూపించబోయి ఆపుకున్నారు. ఆయన నుదుటి మీద చెమట పట్టడం చూశాను. ముప్పై ఏళ్లు అన్నం వడ్డించిన మనిషి ముందు ఒక ఊరగాయ పేరు కోసం ఆయన అవస్థ పడుతున్నారు.

"ఏంటే నీ పంతం? కనపడట్లేదా? నీకు తెలీదా?" అని గట్టిగా అరిచారు.

"తెలుసండీ. మీరు చెప్పండి, వింటాను" అన్నాను.

ఇంక చెప్పలేక, కంచం ముందు నుంచి లేవబోయారు. నావల్ల కాలేదు. "మాగాయేగా, ఇదిగోండి" అని జాడీ ఆయన ముందు పెట్టేశాను. "ఆ, మాగాయ. అదే కదా ఇందాకట్నుంచీ చెబుతున్నాను" అని మళ్లీ కూర్చుని కలుపుకున్నారు. కోపం క్షణంలో పోయింది. బాగానే తిన్నారు.

ఆ వారంలోనే రాజమండ్రిలో నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. రానంటే రానన్నారు. నా మెడ నొప్పి చూపించుకోవాలి, తోడు రండి అని అబద్ధమాడి ఆటో ఎక్కించాను. డాక్టరమ్మ చిన్నపిల్ల. మా ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టింది. సంగతి ముందే ఫోన్లో చెప్పి ఉంచాను కాబట్టి ఆయనవైపే తిరిగింది.

"ఎక్కడ పనిచేసేవారు మాస్టారూ?" అంది.

"హెడ్ వర్క్స్‌లోనండీ. గేజీ చూసేవారు" అన్నాను.

"రిటైరై ఎన్నాళ్లయింది మాస్టారూ?"

"ఇది మూడో ఏడండీ" అన్నాను.

ఆవిడ పెన్ను కింద పెట్టి నా వైపు చూసింది. "అమ్మా, ఏమీ అనుకోకండి. మీరు కాసేపు మాట్లాడకుండా ఉండగలరా?" అంది. ఉండగలనన్నాను. ఉండటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఆవిడ బొమ్మలు ఒక్కొక్కటే చూపించింది. గొడుగు చెప్పారు. గడియారం చెప్పారు. దువ్వెన బొమ్మ చూసి చేత్తో తల దువ్వుకున్నట్టు చూపించారు. తాళం చూసి "తీసేది, తలుపు తీసేది" అన్నారు. నేను పళ్ల వెనక నాలుక బిగబట్టి కూర్చున్నాను. ఆయన ప్రతి బొమ్మకీ ముందు ఆవిడ వైపు కాదు, నా వైపు చూస్తున్నారు. నేను నేల చూపులు చూశాను.

అప్పుడు డాక్టరమ్మ నన్ను అడిగింది. "మీరు చెప్పండి ఇప్పుడు. ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

ఎక్కడో ఉన్న హెడ్డుగారి సంగతైతే చెప్పేదాన్ని. ఏ మ్యాచ్ తర్వాత, ఏ ప్రశ్నకి, ఎన్నో నిమిషంలో మొదటిసారి ఆగారో ఫైలు తీసి చూపించేదాన్ని. మా ఆయన గురించి నా దగ్గర ఏ ఫైలూ లేదు. ఆయన ఆగిన ప్రతి చోటా నేనే ఒక మాట పెట్టేశాను. ఎక్కడెక్కడ పెట్టానో ఇప్పుడు గుర్తులేదు. "నాకు తెలియదండీ" అన్నాను.

"రెండు..." అన్నారు మా ఆయన.

ఇద్దరం ఆయన వైపు తిరిగాం. గోడ మీద ఫ్యాను తిరుగుతోంది.

"రెండు వరదలు... మూడు వరదలైందండీ. ఆఖరి వరదలో... డ్యూటీలో ఉన్నాను. ఫోను... ఫోను చేతిలో ఉందండి. గేజీ కనపడుతోంది. అంకె... నోట్లోంచి రాలేదండి. పక్కనున్నాయన ఫోను... లాక్కుని చెప్పేశాడు. బయటికెళితే అలా... అలాగే అవుతోందండి నాకు." జేబురుమాలు తీసి ముఖం తుడుచుకున్నారు. "ఎవరికీ చెప్పలేదండి."

నాకూ చెప్పలేదు. ఆఖరి డ్యూటీ చేసి ఇంటికొచ్చిన రోజు వేడి వేడిగా ఉప్మా చేసి పెట్టాను. తింటూ వరద గురించి బోల్డు కబుర్లు చెప్పారనే నాకు గుర్తు. ఆయన ఎంత చెప్పారో, నేనెంత చెప్పానో ఇప్పుడెవరికి తెలుసు?

"ఇంట్లో ఎలా ఉంటుంది మాస్టారూ?" అంది డాక్టరమ్మ.

ఆ ప్రశ్నకి ఆయన ముఖం విప్పారింది. గదిలోకి వచ్చాక మొదటిసారి నవ్వారు. "ఇంట్లో ఏమీ లేదండి. ఇంటికొస్తే... అన్ని మాటలూ వచ్చేస్తాయండి. ఇంట్లో నేను బాగానే మాట్లాడతాను" అన్నారు. ఒక్క చోట తప్ప ఎక్కడా ఆగకుండా అన్నారు. అని నా వైపు తిరిగి, "కదే?" అన్నారు.

డాక్టరమ్మ పెన్ను పట్టుకుని నా జవాబు కోసం చూస్తోంది. ఆయనా చూస్తున్నారు. ఔనని ఒక్క మాట అంటే ఆ నవ్వు అలాగే ఉంటుంది. అలాంటి మాటలు అందించడమే ఇన్నేళ్లూ నా పని.

"లేదండీ" అన్నాను ఆయనతోనే. "ఇంట్లో మీ మాటలు నేను చెప్పేస్తున్నానండీ."

ఆయన నవ్వు కాసేపు అలాగే ఉంది. తర్వాత తల దించుకుని, చేతిలో ఉన్న టోకెన్ చీటీని నెమ్మదిగా మడతలు పెట్టడం మొదలుపెట్టారు.